ముందు డిస్క్ బ్రేక్: బాంజో, కాలిపర్, డిస్క్ బోల్టులకి టార్క్ ఎంత? ఎలా బిగించాలి?

పోస్ట్ 1 | పానాపట్టు
బైక్ ముందు చక్రానికి డిస్క్ ప్లేటు, బ్రేక్ హోస్ రెండూ మారుస్తున్నాను. సింగిల్ డిస్క్, రెండు పిస్టన్ల స్లైడింగ్ కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం). హోస్ ఎక్కించేశాను, డిస్క్ ఇంకా మార్చలేదు. మూడు సందేహాలు.
ఒకటి: హోస్ చివర ఉండే ఉంగరాన్ని (బాంజో) కాలిపర్‌కి పట్టి ఉంచే బాంజో బోల్టు చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. చేత్తో గట్టిగానే బిగించాను. ఇంకో పావు చుట్టు తిప్పనా?
రెండు: నా దగ్గరున్నది అర అంగుళం టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని కొలిచే పానా), 40 నుంచి 200 న్యూటన్ మీటర్లు. బ్రేక్ పనికి ఇది చాలుతుందా?
మూడు: డిస్క్ బోల్టులకి గ్రీజు రాయాలా, లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు, అంటే లాకర్) వెయ్యాలా?

పోస్ట్ 2 | మరమేకు
ఆ పావు చుట్టు మాత్రం తిప్పకండి. మిగతావి తర్వాత చూద్దాం.

బాంజో బోల్టు మామూలు బోల్టు కాదు. ఆయిల్ పోవడానికి మధ్యలో బోలుగా ఉంటుంది, పక్కన అడ్డంగా రంధ్రం ఉంటుంది. ఆ అడ్డ రంధ్రం దగ్గర లోహం చాలా తక్కువ. ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టే కదా, 45 న్యూటన్ మీటర్ల దాకా తట్టుకుంటుందిలే అని లాగితే సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగకుండా సాగినా ప్రమాదమే. సాగిన బోల్టు పట్టు తక్కువ ఇస్తుంది, పైకి మాత్రం బిగిసినట్టే అనిపిస్తుంది.

అక్కడ ఆయిల్‌ని ఆపేది మరలు కాదు, వాషర్లు. బాంజోకి అటు ఒకటి, ఇటు ఒకటి, మొత్తం రెండు. రాగివైనా అల్యూమినియంవైనా మెత్తగా ఉండి, నలిగి, రెండు ముఖాల మధ్య సందుల్ని పూడుస్తాయి. ఒకసారి నలిగాక గట్టిపడిపోతాయి, రెండోసారి నలగవు. పాత వాషర్‌ని విప్పి వెలుతురు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. మధ్యలో సన్నటి గుండ్రటి గాడి కనిపిస్తుంది, గోరుతో గీస్తే తగులుతుంది కూడా. ఆ గాడి కొత్త హోస్ బాంజో ముఖంతో కచ్చితంగా కలవదు. చెమ్మ వచ్చేది ఆ తేడాలోంచే.

మీరు పాత వాషర్లే వేశారా?

పోస్ట్ 3 | పానాపట్టు
అవునండీ, పాతవే. హోస్‌తో పాటు కొత్తవి రాలేదు.

పోస్ట్ 4 | మరమేకు
అయితే కారణం దొరికినట్టే. విప్పి కొత్తవి వెయ్యండి. లోపలి వ్యాసం బోల్టుకి సరిపోవాలి, 10 మిల్లీమీటర్ల బోల్టుకి 10 వాషరే. లూజుగా ఉంటే ఒక పక్కకి జారి కూర్చుంటుంది.

వరస ఇదీ. కింద గుడ్డ పరవండి. డాట్ 4 బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది, పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. బోల్టు విప్పి కాలిపర్ ముఖం, బాంజో రెండు ముఖాలు, బోల్టు తల అడుగుభాగం బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. గీతలు, ఇసుక రేణువులు, పాత వాషర్ తునకలు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. తర్వాత బోల్టు, వాషర్, బాంజో, వాషర్, కాలిపర్, ఈ క్రమంలో పెట్టి వేళ్ళతోనే చివరిదాకా ఎక్కించండి. వేళ్ళతో రెండు మూడు చుట్లు తిరిగి ఆగిపోతే పానా పట్టుకోవద్దు. ఎం10 బాంజో బోల్టుల్లో 1.0 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం), 1.25 పిచ్ రెండూ ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తప్పు పిచ్ బోల్టుని బలవంతంగా ఎక్కిస్తే కాలిపర్ మరలు పోతాయి.

హోస్‌ని సహజంగా వెళ్ళే దారిలో ఉంచండి. కాలిపర్ మీద ఆపుడు ముక్క ఉంటే బాంజో మెడ దానికి ఆనాలి. బిగిస్తున్నప్పుడు బోల్టుతో పాటు హోస్ కూడా తిరుగుతుంది. ఒక చేత్తో పట్టుకోకపోతే మెలి పడుతుంది, మెలి పడ్డ హోస్ బాంజోని ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే టార్క్.

పోస్ట్ 5 | చక్రం_360
టార్క్ రెంచ్ గురించి నేను చెప్తాను.

40 నుంచి 200 రెంచ్ వెనక చక్రం యాక్సిల్ నట్టుకి బాగుంటుంది. ముందు బ్రేక్‌లో చాలా బోల్టులు 40 కన్నా తక్కువే, దానితో వాటిని కొలవలేరు. రెండు రెంచ్‌లు కావాలి. పావు అంగుళం డ్రైవ్, 5 నుంచి 25 దాకా: బ్లీడర్ (గాలి తీసే నిపుల్), మాస్టర్ సిలిండర్ (లివరు దగ్గర ఆయిల్‌ని నెట్టేది) క్లాంపు, ప్యాడ్ పిన్ను లాంటివాటికి. మూడెనిమిదో వంతు అంగుళం డ్రైవ్, 10 నుంచి 60 దాకా: బాంజో, కాలిపర్, డిస్క్ బోల్టులకి. ఒక్కటే కొనగలిగితే ఈ రెండోది కొనండి.

క్లిక్ రెంచ్‌ల ఖచ్చితత్వానికి ఐఎస్ఓ 6789 ప్రమాణం ఉంది. 10 న్యూటన్ మీటర్ల పైన 4 శాతం, 10 దాకా 6 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటుంది. స్కేలు అడుగున, అంటే గరిష్ఠంలో ఐదో వంతు కన్నా కింద, ఆ నమ్మకం ఉండదు. 60 రెంచ్‌తో 12 కన్నా తక్కువ కొలవకండి.

పట్టుకునే తీరు కూడా ముఖ్యం. చెయ్యి పిడి మధ్యలో ఉండాలి. కుదుపు లేకుండా నిదానంగా లాగాలి. క్లిక్ అనగానే ఆపాలి. "టక్, టక్" అని రెండోసారి కొట్టించడం చాలామందికి అలవాటు. ఆ రెండో టక్‌తో బోల్టు ఇంకొంచెం తిరుగుతుంది. చిన్న అంకెల దగ్గర ఆ కొంచెమే ఎక్కువ. పని అయ్యాక స్ప్రింగ్ వదులయ్యేలా స్కేలుని కనిష్ఠానికి తిప్పి పెట్టండి, దాన్ని సున్నా దాటి విప్పకండి. బిగుసుకున్న బోల్టుని విప్పడానికి టార్క్ రెంచ్ వాడకండి, దానికి మామూలు పానా ఉంది.

పోస్ట్ 6 | ఎర్రవాషర్
మా మాన్యువల్లో కొన్నిచోట్ల 3.5 అని ఉంది, కొన్నిచోట్ల 34 అని ఉంది. ఏది నమ్మాలి?

పోస్ట్ 7 | చక్రం_360
రెండూ ఒకటే. 3.5 అన్నది కిలోగ్రామ్ ఫోర్స్ మీటర్లలో, 34 న్యూటన్ మీటర్లలో. 1 కేజీఎఫ్ మీటరు అంటే 9.81 న్యూటన్ మీటర్లు. ఫుట్ పౌండ్ల అంకె ఉంటే 1.356తో గుణించండి. ఇంచ్ పౌండ్లయితే 0.113తో. రెంచ్ మీద రెండు స్కేళ్ళు పక్కపక్కనే ఉంటాయి, పని మొదలుపెట్టే ముందు ఏ స్కేలు చదువుతున్నారో చూసుకోండి. ఇంచ్ పౌండ్ల అంకెని ఫుట్ పౌండ్లలో బిగిస్తే 12 రెట్లు అవుతుంది. బ్లీడర్ నిపుల్ విరిగి లోపలే మిగిలిపోవడానికి అదొక్కటి చాలు.

పోస్ట్ 8 | మరమేకు
మాన్యువల్ దొరకనివాళ్ళకి అంకెల అందాజు ఇస్తున్నాను, అన్నీ న్యూటన్ మీటర్లలో. ఇవి కంపెనీల మధ్య మారేవి, మీ బండి మాన్యువల్లో అంకె ఉంటే అదే చివరి మాట.

బాంజో బోల్టు, స్టీలుది: 23 నుంచి 35. విడిగా అమ్మే అల్యూమినియం బాంజోలకి ఇంకా తక్కువ, వాటి తయారీదారు ఇచ్చిందే పాటించాలి.
కాలిపర్ మౌంటు బోల్టు: ఎం8 అయితే 22 నుంచి 30, ఎం10 అయితే 34 నుంచి 45.
బ్లీడర్ నిపుల్: 5 నుంచి 8.
ప్యాడ్ పిన్ను: 15 నుంచి 18. దాని మీద మూతలా ఉండే చిన్న ప్లగ్గు 3 దగ్గర.
మాస్టర్ సిలిండర్ క్లాంపు బోల్టులు: 9 నుంచి 12.
ఆయిల్ డబ్బా మూత స్క్రూలు: 1.5 నుంచి 2. వీటికి రెంచ్ అక్కర్లేదు, స్క్రూ డ్రైవర్‌ని మూడు వేళ్ళతో పట్టుకుని తిప్పితే సరిపోతుంది.
డిస్క్ బోల్టులు: ఇక్కడే తేడా ఎక్కువ. ఎం6 అయితే 14 ప్రాంతం, ఎం8 అయితే ఒక తయారీదారుకి 18, మరొకరికి 42. ఈ ఒక్కదానికి అందాజు మీద ఆధారపడొద్దు, బండి మాన్యువల్ చూడాల్సిందే.

బ్లీడర్ నిపుల్ గురించి ఒక మాట. అది మరలతో కాదు, అడుగున ఉన్న కోను మొనతో మూసుకుంటుంది. 6 దగ్గర మూసుకోకపోతే 12 దగ్గరా మూసుకోదు. మొన అరిగిందనో, కింద చెత్త ఉందనో అర్థం. గాలి తీసేటప్పుడు మరల పక్కనుంచి గాలి పీల్చకుండా కొందరు టెఫ్లాన్ టేపు చుడతారు. అది బ్లీడింగ్ సౌకర్యానికే, లీకు ఆపడానికి కాదు. పని అయ్యాక రబ్బరు టోపీ పెట్టడం మరవొద్దు, లేకపోతే లోపల తుప్పు పట్టి తర్వాతిసారి విరిగేది అదే.

పోస్ట్ 9 | గ్రీజుడబ్బా
కాలిపర్ బోల్టులకి, డిస్క్ బోల్టులకి కాస్త యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాస్తే తర్వాత సులువుగా ఊడతాయి. తుప్పు కూడా పట్టదు. టార్క్ రెంచ్‌తో బిగిస్తున్నాం కదా, అంకె అదే ఉంటుంది, ఇబ్బంది ఏముంది?

పోస్ట్ 10 | మరమేకు
అంకె అదే ఉంటుంది గానీ బిగింపు అదే ఉండదు. ఈ విషయం అర్థమైతే మిగతా చర్చ చాలావరకు తేలిపోతుంది.

మనకి కావలసింది టార్క్ కాదు. బోల్టు రబ్బరు బ్యాండులా కాస్త సాగి, రెండు భాగాల్ని ఒకదానికొకటి లాగి పట్టుకోవాలి. ఆ లాగుడుని నేరుగా కొలవలేం కాబట్టి తిప్పే బలాన్ని కొలుస్తున్నాం. ఆ తిప్పే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, దాదాపు 40 శాతం మరల్లో రాపిడికి పోతుంది, బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతే. మరలకి గ్రీజు రాశారంటే రాపిడి తగ్గింది. అదే 30కి క్లిక్ వస్తుంది, కానీ ఈసారి బోల్టు మీద లాగుడు మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా పెరుగుతుంది. కాలిపర్ బ్రాకెట్టో ఫోర్కు కాలో అల్యూమినియందైతే మర అక్కడే వదిలేస్తుంది.

తుప్పు పట్టిన మరలతో దీనికి తిరగబడి జరుగుతుంది. రాపిడి పెరిగి, క్లిక్ తొందరగా వస్తుంది, బోల్టు సాగనే సాగదు. రెంచ్ అంకె సరిగ్గా చూపిస్తుంది, బోల్టు లూజుగా ఉంటుంది. అందుకే మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. మాన్యువల్లో ఫలానా బోల్టుకి ఆయిల్ రాయమనో, లాకర్ వెయ్యమనో ఉంటే అక్కడ మాత్రమే రాయాలి, ఎందుకంటే ఆ అంకెని ఆ లెక్కతోనే ఇచ్చారు.

ఇంకోటి: డిస్క్ పక్కన యాంటీ సీజ్ అంటే వేడికి కరిగి ప్యాడ్ మీదకి పాకే అవకాశం ఉంది. ఒక్క చుక్క చాలు ప్యాడు పాడవడానికి.

పోస్ట్ 11 | గ్రీజుడబ్బా
ఇప్పుడు అర్థమైంది. మరి స్లైడ్ పిన్నులకి?

పోస్ట్ 12 | మరమేకు
పిన్ను నున్నటి భాగానికి సిలికాన్ బ్రేక్ గ్రీజు పలచగా, తప్పకుండా రాయాలి. అక్కడ కాలిపర్ జారాలి కదా. అదే పిన్ను చివర ఉన్న మరలకి అంటకూడదు. పెట్రోలియం గ్రీజు వద్దు, రబ్బరు బూటు ఉబ్బిపోతుంది.

పోస్ట్ 13 | డిస్క్‌ప్లేట్
డిస్క్ బోల్టుల సంగతి నేను రాస్తాను. ఓపిగ్గా చదవండి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

విప్పడం: ఈ బోల్టులు కంపెనీలోనే లాకర్ వేసి బిగించినవి. తల గుండ్రంగా, లోపల అలెన్ గుంటతో ఉంటుంది, గుంట లోతు తక్కువ. అరిగిన ఎల్ కీతో లాగితే గుంట గుండ్రమైపోతుంది, ఆ తర్వాత డ్రిల్ చెయ్యడమే దారి. ముందు గుంటలో మట్టి సూదితో తీసెయ్యండి. పదునైన అంచులున్న బిట్ సాకెట్ తీసుకుని సుత్తితో రెండు దెబ్బలు వేసి అడుగుదాకా కూర్చోబెట్టండి. హీట్ గన్‌తో బోల్టు తలని వేడి చెయ్యండి. నీలం రకం లాకర్ మామూలు పనిముట్లతోనే వదులుతుంది, ఎర్ర రకమైతే 250 డిగ్రీల దాకా వేడి కావాలి. చక్రంలో బేరింగ్ సీలు, టైరు ఉన్నాయి కాబట్టి వేడిని బోల్టు మీదే ఉంచాలి, హబ్బు అంతా కాల్చకూడదు. ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే ఇంకా మంచిది. చక్రాన్ని చదునుగా, అవతలి పక్క టైరు మీద ఆనేలా పడుకోబెట్టండి, అవతల కూడా డిస్క్ ఉంటే దాని మీద బరువు పడకూడదు.

శుభ్రం చెయ్యడం: హబ్బు రంధ్రాల్లో పాత లాకర్ పొడి మిగిలిపోతుంది. అదే సైజు ట్యాపుని చేత్తోనే మెల్లగా తిప్పి తీసెయ్యండి, బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. హబ్బు మీద డిస్క్ కూర్చునే ముఖాన్ని వేలితో తడమండి. అక్కడ పెయింటు పెచ్చో తుప్పు పొక్కో ఉంటే డిస్క్ ఆ మేరకి వంగి కూర్చుంటుంది. హబ్బు దగ్గర వెంట్రుక మందం ఎత్తు, డిస్క్ అంచు దగ్గరికి వచ్చేసరికి రెండు మూడింతలవుతుంది. బ్రేక్ పట్టినప్పుడు లివరు వేళ్ళ కింద కొట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం, డిస్క్ వంగిందనుకుని పారేస్తుంటారు.

బిగించడం: కొత్త బోల్టులు వాడండి. మర మీద రంగు పూతలా లాకర్ ముందే పూసి వచ్చినవైతే ఇంకేమీ వెయ్యకండి. పూత లేనివైతే లాక్‌టైట్ 243 లాంటి మధ్యరకం లాకర్ ఒక్క చుక్క, మరల చివరి ఐదారు చుట్ల మీద. అన్నీ వేళ్ళతో ఎక్కించాక ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు, మూడు విడతల్లో బిగించండి. మాన్యువల్ 24 అంటే మొదట 8, తర్వాత 16, చివర 24. ఒక వరుసలో గుండ్రంగా పోతే మొదటి బోల్టు పక్క డిస్క్ ముందే దిగిపోయి రెండో పక్క లేచి ఉంటుంది. లాకర్ పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు, అందాకా బండి తియ్యొద్దు.

తర్వాత డయల్ గేజ్ ఉంటే డిస్క్ ఊగిసలాట కొలవండి. పరిమితి మాన్యువల్లో ఉంటుంది, కొందరు 0.1 మిల్లీమీటరు అంటారు, కొందరు 0.3 దాకా ఒప్పుకుంటారు. కొత్త డిస్క్ మీద పూసిన తుప్పు నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడిచేశాకే ప్యాడ్లు దగ్గరికి రానివ్వండి.

పోస్ట్ 14 | పానాపట్టు
చాలా ఉపయోగం, డిస్క్‌ప్లేట్ గారూ. చక్రం ఎక్కించాక కాలిపర్ ముందా, యాక్సిల్ ముందా?

పోస్ట్ 15 | డిస్క్‌ప్లేట్
యాక్సిల్ దూర్చి, నట్టుని మాన్యువల్ టార్క్‌కి బిగించండి. కాలిపర్ ఎక్కించి మౌంటు బోల్టులు బిగించండి. ఫోర్కు కాలి అడుగున పించ్ బోల్టు (యాక్సిల్‌ని నొక్కి పట్టేది) ఉన్న బండైతే దాన్ని లూజుగానే ఉంచి, బండిని స్టాండు దించి, ముందు బ్రేక్ పట్టి ఫోర్కుని నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కి వదలండి. రెండు కాళ్ళూ యాక్సిల్ మీద వాటి చోటికి సర్దుకుంటాయి. పించ్ బోల్టు ఆఖరున. ముందే బిగిస్తే ఒక కాలు లోపలికి లాగినట్టుండి ఫోర్కు బిర్రుగా కదులుతుంది, డిస్క్ ప్యాడుకి రాసుకుంటుంది.

దానికన్నా ముందు ఒక పని. కాలిపర్ ఎక్కించిన వెంటనే లివరు గట్టిపడేదాకా పంపు చెయ్యండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుడుకి లివరు గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. బండి కదిలాక ఆ సంగతి తెలియకూడదు.

పోస్ట్ 16 | ఎర్రవాషర్
బాంజో దగ్గర నా సాకెట్ పట్టదు, హోస్ అడ్డం వస్తుంది. ముందు నోరున్న చిన్న అడాప్టర్ వేస్తే టార్క్ మారిపోతుందా?

పోస్ట్ 17 | చక్రం_360
రెంచ్‌కి తిన్నగా ముందుకి వేస్తే మారుతుంది, అడ్డంగా 90 డిగ్రీల్లో వేస్తే దాదాపు మారదు. తిన్నగా వెయ్యాల్సి వస్తే లెక్క ఇదీ: కావలసిన టార్క్‌ని రెంచ్ పొడవుతో గుణించి, రెంచ్, అడాప్టర్ పొడవుల మొత్తంతో భాగించాలి. రెంచ్ డ్రైవ్ మధ్య నుంచి పిడి మధ్య దాకా 250 మిల్లీమీటర్లు, అడాప్టర్ 50, కావలసింది 30 అనుకోండి. 30ని 250తో గుణించి 300తో భాగిస్తే 25. రెంచ్‌ని 25కి పెట్టాలి. నిలువు ఎక్స్‌టెన్షన్ రాడ్డుకి ఈ లెక్క వర్తించదు.

రెంచ్ మీద అనుమానం ఉంటే ఇంట్లో చూసుకునే పద్ధతి కూడా ఉంది. డ్రైవ్ చదరాన్ని వైసులో బిగించి, రెంచ్‌ని నేలకి సమాంతరంగా ఉంచండి. పిడి మధ్యలో 10 కిలోల బరువు మెల్లగా వేలాడదీయండి. 0.25 మీటర్ల దూరమైతే 24.5 న్యూటన్ మీటర్లు, దానికి రెంచ్ సొంత బరువు మరో ఒకటి ఒకటిన్నర కలుపుతుంది. 23కి పెడితే క్లిక్ రావాలి, 29కి పెడితే రాకూడదు. రెండూ జరిగితే ఈ పనికి పనికొస్తుంది.

పోస్ట్ 18 | గ్రీజుడబ్బా
మాస్టర్ సిలిండర్ క్లాంపు కింద రెండు ముక్కల మధ్య సందు మిగులుతోంది. బిగించేకొద్దీ పోవట్లేదు. లోపమా?

పోస్ట్ 19 | మరమేకు
లోపం కాదు, చాలా బళ్ళకి అలాగే ఉండాలి. క్లాంపు మీద బాణమో, పైకి అనే గుర్తో ఉంటుంది, దాన్ని పైకి పెట్టి ముందు పై బోల్టు పూర్తిగా, తర్వాత కింది బోల్టు బిగించాలి. సందు కిందే మిగలాలి. ఆ సందు మూసెయ్యాలని లాగితే క్లాంపు చెవి విరుగుతుంది. లివరు పివట్ బోల్టుకి కూడా ఇదే జాగ్రత్త: పై స్క్రూకి 1 న్యూటన్ మీటరు చాలు, లివరు తేలిగ్గా తిరగాలి. తర్వాత స్క్రూ తిరగకుండా పట్టుకుని కింది లాక్ నట్టుని 6 దగ్గర బిగించండి. పివట్ బిగుసుకుపోతే లివరు పూర్తిగా వెనక్కి రాదు. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రం తెరుచుకోదు, వేడెక్కిన ఆయిల్‌కి దారి లేక బ్రేక్ తనంతట తానే పట్టేస్తుంది.

పోస్ట్ 20 | పానాపట్టు
డిస్క్ కూడా మార్చేశాను, లాకర్‌కి ఒక రాత్రి, ఒక పగలు వదిలేశాను. బాంజోకి కొత్త రాగి వాషర్లు రెండు వేసి, మాన్యువల్ ప్రకారం 30కి బిగించాను. గాలి తీశాను. ఇప్పుడు చెమ్మ లేనట్టే ఉంది, కానీ అక్కడ ముందే కొంచెం ఆయిల్ ఉండిపోయింది కాబట్టి నమ్మకం కుదరట్లేదు.

పోస్ట్ 21 | మరమేకు
బ్రేక్ క్లీనర్‌తో ఆ చోటంతా కడిగి ఆరనివ్వండి. లివరుని గట్టిగా లాగి గ్రిప్పుకి తాడుతో కట్టి ఓ అరగంట వదిలెయ్యండి. తర్వాత తెల్ల టిష్యూ కాగితాన్ని సన్నగా మడిచి బాంజో చుట్టూ, వాషర్ల అంచు వెంట తిప్పండి. బ్లీడర్ చుట్టూ, మాస్టర్ సిలిండర్ దగ్గర బాంజో చుట్టూ కూడా. కాగితం మీద మచ్చ లేకపోతే లీకు లేదు. ఉంటే మాత్రం మళ్ళీ బిగించొద్దు, విప్పి ముఖాలు చూడండి.

తర్వాత ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క భాగం మీదకి పెయింట్ మార్కరుతో ఒక గీత గియ్యండి. వారం తర్వాత గీత విరిగిందేమో కంటితో చూస్తే చాలు. లాకర్ వేసిన బోల్టుని "మళ్ళీ ఒకసారి చూద్దాం" అని రెంచ్‌తో తిప్పకండి, కాస్త కదిలినా గట్టిపడిన లాకర్ పట్టు వదిలేస్తుంది.

పోస్ట్ 22 | పానాపట్టు
టిష్యూ పొడిగానే వచ్చింది, మూడు చోట్లా. గీతలు కూడా గీశాను. ఒక్క ప్రశ్న మిగిలింది: వెనక డ్రమ్ బ్రేక్. ప్యానెల్‌ని స్వింగ్ ఆర్ముకి కలిపే టార్క్ రాడ్ నట్టు దగ్గర పిన్ను లేదు. అవసరమా?

పోస్ట్ 23 | డిస్క్‌ప్లేట్
అవసరమే, అది లేకుండా బండి తియ్యకండి. వెనక బ్రేక్ నొక్కినప్పుడు ప్యానెల్ మొత్తం చక్రంతో పాటు తిరగబోతుంది, ఆపేది ఆ రాడ్డు ఒక్కటే. నట్టు ఊడితే ప్యానెల్ తిరిగి బ్రేక్ రాడ్డుని చుట్టేసుకుంటుంది, చక్రం పట్టేస్తుంది. బోల్టుకి రంధ్రం ఉందంటే అక్కడ స్ప్లిట్ పిన్ను ఉండాలనే. నట్టుని మాన్యువల్ అంకెకి బిగించండి. నట్టు గాడి, బోల్టు రంధ్రం కలవకపోతే నట్టుని వెనక్కి వదులు చెయ్యొద్దు, తర్వాతి గాడి కలిసేదాకా ముందుకే తిప్పండి. పిన్ను కొత్తదే వాడండి, కాళ్ళు రెండూ విడదీసి వెనక్కి మడవండి. పాతదాన్ని తిన్నగా చేసి మళ్ళీ మడిస్తే ఆ మడత దగ్గరే విరుగుతుంది.